మీటరు కూలికి చట్టం చెప్పే మాస్టారు

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికుడికి కూలి గంటల లెక్కన రాదు, నేసిన మీటర్ల లెక్కన వస్తుంది. కరెంటు పోయినా, నూలు చుట్టిన భీము అయిపోయి సాంచా ఆగినా ఆ కాసేపూ కూలి లేనట్టే. ఇలాంటి మీటరు కూలికీ ప్రభుత్వం కనీస రేటు కట్టొచ్చని 1948 నాటి కనీస వేతనాల చట్టం నుంచే ఉంది. ఆ సంగతి అతనికి ఎవరు చెప్పాలి? లా ప్రొఫెసరే చెప్పాలంటాను. అలా చెప్పిన ప్రొఫెసర్ మాడభూషి శ్రీధర్ అనగానే చాలామందికి కేంద్ర సమాచార కమిషనర్‌గా ఢిల్లీ యూనివర్సిటీ 1978 డిగ్రీ రికార్డులు చూపాలంటూ ఆయన ఇచ్చిన ఆదేశమే గుర్తొస్తుంది. దాన్ని 2025లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. నా దృష్టిలో అంతకన్నా పెద్ద పని, నల్సార్‌లో పాఠాలు చెప్పిన ఆ మనిషి తెలుగు పత్రికల్లో చట్టాన్ని విడమరిచి రాయడం. ఆదేశాన్ని పైకోర్టు రద్దు చేయగలదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజు కట్టి సమాచారం అడగొచ్చని, ముప్పై రోజుల్లో జవాబు రావాలని ఒకసారి తెలిసినవాడి దగ్గర్నుంచి ఆ ఎరుకను ఎవరు లాక్కుంటారు? కానీ ప్రొఫెసర్ల పదోన్నతిలో పరిశోధన పత్రికల వ్యాసానికున్న విలువ దినపత్రిక వ్యాసానికి లేదు. ఉండి తీరాలి. వరంగల్ నుంచో హైదరాబాద్ నుంచో ఒక లా మాస్టారు నెలకోసారి సిరిసిల్లలోని బీవై నగర్‌కు వచ్చి, సాంచాలున్న ఆసాములనూ కార్మికులనూ ఒకచోట కూర్చోబెట్టి, వాళ్ల కూలి లెక్కల పుస్తకం మీదే చట్టం చెబితే, దాన్నీ ఆయన సర్వీసులో పాఠంగానే లెక్కగట్టాలి.