జబ్బు సొమ్ము ఆదాయమా?

పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయిన మనిషికి బీమా కంపెనీ 10 లక్షలు ఇచ్చిందనుకుందాం. అది ఆదాయమా, పోయినదానికి పరిహారమా? ఆదాయపు పన్ను చట్టం ఈ రెంటినీ విడదీసి చూస్తుంది. పింఛన్ల నిబంధనలకు ఆ తేడా పట్టదు. ముక్కుపిండి వసూలు చేస్తుందని పేరుపడ్డ శాఖే ఈ ఒక్క విషయంలో మెతకగా ఉండడం విచిత్రం.

తీవ్ర వ్యాధుల పాలసీ మీద ఒకేసారి వచ్చే మొత్తానికి సాధారణంగా పన్ను ఉండదు. ఆసుపత్రి బిల్లు తిరిగొస్తే అది ఆదాయమే కాదు. కంపెనీ గ్రూపు పాలసీ నుంచి జీతానికి బదులుగా యజమాని ద్వారా నెలనెలా అందితే మాత్రం జీతం కిందే లెక్క. పాత పద్ధతిలో రిటర్ను వేసేవారికి ఇంకో మెలిక ఉంది. క్యాన్సర్, కిడ్నీ వైఫల్యం లాంటి జబ్బుల వైద్య ఖర్చుకు 80డీడీబీ పేరుతో అందరికీ తెలిసిన మినహాయింపు 40 వేలు, వృద్ధులకు లక్ష. బీమా కంపెనీ ఎంత ఇస్తే అంత ఇందులో తెగుతుంది. ఇక వచ్చిన 10 లక్షలను డిపాజిట్ చేస్తే దాని వడ్డీ ఆదాయమే. ఏడాదికి 50 వేలు, సీనియర్లకైతే లక్ష దాటితే బ్యాంకు 10 శాతం పట్టుకుంటుంది. కట్టాల్సిన పన్ను లేనివారు ముందే ప్రకటన రాసిస్తే పట్టుకోదు. ఈ చిన్న కాగితం సంగతి పాలసీ అమ్మేటప్పుడు ఏజెంటు చెబితే ఎంత బాగుండును!

అసలు చిక్కు పన్ను కట్టేంత ఆదాయం లేనివాళ్లది. తాడేపల్లిగూడెంలో 18 వేల జీతానికి మిల్లులో పనిచేసే ఒక కార్మికుణ్ని తీసుకుందాం. ఈఎస్‌ఐ కింద అతని జీతంలో నెలకు 135 రూపాయలు కోస్తారు. జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం, అంటే నెలకు 12,600 వస్తుంది. టీబీ, క్యాన్సర్, పక్షవాతం వంటి 34 దీర్ఘవ్యాధుల్లో ఏదైనా అయి, సర్వీసు, చందా షరతులు సరిపోతే 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగించవచ్చు. అప్పుడు 14,400. మంచి ఏర్పాటే, కాదనలేం. కానీ సామాజిక పింఛనుకు కుటుంబ ఆదాయం పట్టణాల్లో నెలకు 12 వేలు, పల్లెల్లో 10 వేలు మించరాదు. మన కార్మికుడు మొదటి మూడు నెలల్లోనే 600 రూపాయల తేడాతో గీత దాటేశాడు. మందులకు, తోడుండే మనిషికి ఎంత పోతోందో ఆ గీతకు అక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్ ఇచ్చే ఈ సామాజిక పింఛన్ల పథకం ఎన్టీఆర్ భరోసాలో దివ్యాంగులకు 6 వేలు, పక్షవాతంతో మంచాన పడ్డవారికి 15 వేలు ఇస్తున్నారు. దేశంలో ఇంత ఇచ్చే రాష్ట్రాలు అరుదు. అందుకే వడపోత కూడా గట్టిగా ఉంది: ఆదాయం, భూమి, కరెంటు యూనిట్లు, పన్ను చెల్లింపు, నాలుగు చక్రాల బండి. ఇందులో ఆటోకు, టాక్సీకి, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. కాళ్లు చచ్చుబడిన తండ్రిని ఆకివీడు నుంచి ఏలూరు ఆసుపత్రికి తిప్పడానికి బీమా డబ్బుతో పాత కారు కొన్న కొడుక్కి మాత్రం లేదు.

కొల్లేరు లంకల్లో ఈ లెక్కలేవీ చెల్లవు. చేపల చెరువు మీద రాత్రి కాపలా ఉండేవాడికి, తెల్లవారుజామున వల లాగే కూలీకి ఈఎస్‌ఐ లేదు, జీతం చీటీ లేదు. ఉన్నవల్లా ప్రమాద బీమాలే. ఏడాదికి 20 రూపాయలు కట్టే సురక్షా బీమా, ప్రాణం పోయినా పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు ఇస్తుంది. మత్స్యకారుల బృంద బీమా 5 లక్షలు ఇస్తుంది. గట్టు మీంచి జారిపడి నడుం విరిగితే ఏదో ఒకటి చేతికొస్తుంది. కిడ్నీలు పాడై మంచాన పడితే ఈ రెండూ పలకవు.

ఇంతకీ జబ్బుతో పోయే కూలికి ఇచ్చే డబ్బు పరిహారమేనని రాష్ట్ర ప్రభుత్వం ఒకసారి ఒప్పుకుంది. 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా, చికిత్స తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలకు మించకుండా ఇచ్చేది. సర్కారు చేత్తో ఇస్తే పరిహారమైనది ఈఎస్‌ఐ చేత్తో ఇస్తే ఆదాయం ఎలా అవుతుంది?

బ్రిటన్‌లో స్థిరపడ్డ మనవాళ్లకు దీని ఇంకో రూపం తెలుసు. సొంతంగా ప్రీమియం కట్టుకున్న ఆదాయ రక్షణ పాలసీ నుంచి నెలనెలా వచ్చే డబ్బుకు అక్కడ పన్ను లేదు. తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్‌లో మాత్రం పౌండుకు పౌండు కోత పడుతుంది. వైకల్యం వల్ల పెరిగే ఖర్చు కోసం ఇచ్చే పిప్ భృతిని అయితే ముట్టుకోరు. గాయానికి వచ్చిన పరిహారపు మొత్తాన్ని ఏడాది పాటు ఆస్తిగా లెక్కించరు.

ఆ ఏడాది గడువును మనం తెచ్చుకోవచ్చు. ఈఎస్‌ఐ అనారోగ్య భృతిని కుటుంబ ఆదాయంలో కలపకూడదని, రోగి కోసం కొన్న బండిని టాక్సీలాగే వదిలేయాలని పింఛను నిబంధనలకు రెండు వాక్యాలు చేర్చాలి. ఈఎస్‌ఐ గడువు తీరబోయే నెలలోనే కార్మికుడి పేరు స్థానిక సచివాలయానికి చేరితే, రెండేళ్ల కిందటి జీతం లెక్క చూపి ఎవరూ అతన్ని వెనక్కి పంపలేరు.