హద్దుతో పాటు మట్టమూ కొలవాలి
(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: పాతనగరంలోని సంతోష్‌నగర్ పరిసరాల్లో ఇల్లు కట్టదలచినవారు సర్వేయరును పిలిచేది సాధారణంగా హద్దు కోసమే. స్థలం ఏ మట్టంలో ఉన్నదన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఆ ప్రశ్న విలువ 2020 అక్టోబరులో తేటతెల్లమైంది. ఆ నెల 13న కుండపోత వాన కురిసింది. 17వ తేదీ రాత్రి మళ్లీ వర్షం పడగా బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి, చేరువలోని హఫీజ్ బాబానగర్ జలమయమైన విషయం విదితమే.

చెరువుల రక్షణకు నిబంధనలు లేకపోలేదు. 2012 నాటి భవన నిర్మాణ నియమావళి (జీ.ఓ. 168) ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టపు రేఖ నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్ల మేర నిర్మాణాలు నిషిద్ధం. అయితే ఈ రేఖ నేలపై కనిపించేది కాదు, లెవెలింగు ద్వారా నిర్ధారించవలసినది. నూరు మీటర్లకు ఒక మీటరు వాలుగల నేలపై మట్టం 30 సెంటీమీటర్లు తక్కువగా నమోదైతే రేఖ 30 మీటర్లు చెరువులోకి జరుగుతుంది. అనగా రక్షణ మండలం యావత్తూ కాగితం మీదనే మాయమవుతుంది. అందుచేత బెంచిమార్కు వద్ద మొదలుపెట్టి, తిరిగి అక్కడే ముగించి, తేడాను సరిచూసుకొనడం సర్వేయరు విధి. టోటల్ స్టేషన్, డీజీపీఎస్ వంటి సాధనాలు ఈ విధిని తప్పించలేవు.

చిన్న స్థలాల సంగతి మరింత ఆలోచించదగినది. 75 చదరపు గజాల వరకు గల స్థలాల్లో 7 మీటర్ల ఎత్తులోపు ఇళ్లకు 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం అనుమతి అక్కరలేకుండా నమోదుతో సరిపెట్టింది. సామాన్యునికి ఇది మేలే. కాని ఇంజనీరు చూపు పడకుండానే పునాది లేచే వీలు ఏర్పడింది. రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుండగా, గడప ఎత్తు మేస్త్రీ అంచనాకే మిగిలింది.

1908 మూసీ వరద అనంతరం, 1912-15 మధ్య లెనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరానికి వీధివీధినా పటాలు తయారయ్యాయి. భూభారతి చట్టం 2025లో రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేసే నిబంధనకు చోటు కల్పించింది, కాని అది వ్యవసాయ భూములకే. పట్టణ స్థలాల నమోదు పత్రంలోనూ వీధి మట్టం, గడప మట్టం అనే రెండు అంకెలు, వాటి కింద లైసెన్సుడు ఇంజనీరు సంతకం కోరవచ్చును. ఆ కొలత గృహస్థునికి భారం కాకుండా ఉండాలంటే ముందుగా వార్డుల వారీగా బెంచిమార్కులు నెలకొల్పి, వాటి విలువలను బహిరంగంగా ప్రకటించవలసి ఉంటుంది.