మట్టివాసన విమర్శకులు

2021లో ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో దర్శనం మొగులయ్య గొంతు వినిపించినప్పుడూ, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడూ మన సంగీత సమీక్షకులు వ్రాసినవి ఓపికగా చదివాను. “మట్టివాసన” అన్న మాట లేని సమీక్ష నా కంటబడితే ఒట్టు! వెదురుబొంగుకు ఎండు సొరకాయ బుర్రలు కట్టిన ఆ 12 మెట్ల కిన్నెర ఎట్లా పలుకుతుందో, మాటకూ తీగకూ పొత్తు ఎట్లా కుదురుతుందో ఒక్క వాక్యమూ లేదు.

గోదావరి సీమలోని శంకరగుప్తం అనే పల్లెలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానంలో మట్టివాసన వెదకినవారిని నేనెరుగను. అక్కడ శ్రుతి, లయ, గమకం, ఇక్కడ వాసన. ముక్కుతో సంగీతం వినే ఈ విద్య ఎక్కడ నేర్చారో!

పొగడ్తే కదా, తప్పేమిటంటారా? తప్పెన్నదగిన విద్యగా దానిని లెక్కించకపోవడమే ఆ పొగడ్తలోని చిన్నచూపు. మా హాలియా వైపు ఒగ్గుకథ విన్నవారు మరునాడు పొలంగట్టున “డోలు ముందుకు పోయింది, కథ వెనకబడ్డది” అని మొహమాటం లేకుండా తేల్చేస్తారు. రాగాల పేర్లు వల్లించే మన పండితులు, మొగులయ్య పాడే పాలమూరు పండుగ సాయన్న కథను ఒక్కసారైనా చివరిదాకా విన్నారా?