అదనం అడిగితే లెక్క చెప్పాలి

ప్రతి ఊళ్లో శిఖం భూమి ఉంటుంది. చెరువు నిండితే నీళ్లు పరుచుకునే జాగ అది. ఎవరి పట్టా కాదు, ఊరందరిది. అయినా ఏటా ఒక సాలు, రెండు సాళ్లు లోపలికి దున్నుకుంటూ పోయే పెద్దమనిషి ఒకడుంటాడు. అడిగితే ‘నాకున్నది సరిపోతలేదు, కొంచెం అదనం’ అంటాడు. పదేళ్లు తిరిగేసరికి ఆ అదనం పహాణీలోకి ఎక్కుతుంది. చెరువు చిన్నదవుతుంది. కంటికి కనిపించని రేడియో తరంగాల విషయంలోనూ ఢిల్లీలో పాతికేళ్లుగా నడుస్తున్నది ఈ అదనం పంచాయితీయే.

స్పెక్ట్రమ్ అనగానే అది ఇంజనీర్ల ముచ్చట అని మనం పక్కకు జరుగుతాం. కంపెనీలకు కావలసింది కూడా అదే. కానీ ఇది బొగ్గులాంటి, నీళ్లలాంటి వనరు. ఫోన్ మాట్లాడినా, రైలుకు సిగ్నల్ ఇచ్చినా, పోలీసు వాకీటాకీ పలికినా ఈ తరంగాల మీదనే. ఒకే చోట, ఒకే తరంగం మీద ఇద్దరు మాట్లాడితే ఇద్దరి మాటా వినబడదు. అందుకే పంపకం చేయాలి, పంపకానికి ఒక యజమాని ఉండాలి. ఆ యజమాని ఎవరో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. క్రికెట్ ప్రసారాల కేసులో వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు ఇచ్చింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. 2023 టెలికాం చట్టం సైతం కేంద్ర ప్రభుత్వం ప్రజల తరఫున మాత్రమే ఈ ఆస్తికి యజమాని అని రాసుకున్నది. రాత బాగానే ఉంది. చేతల సంగతి చూద్దాం.

2001లో మొబైల్ కంపెనీలకు ఇచ్చిన లైసెన్సులలో మొదట 4.4 మెగాహెర్ట్జ్, తర్వాత 6.2 మెగాహెర్ట్జ్ వరకు ఇస్తామని ఒప్పందం. అంతకు మించి ఇస్తామన్న మాట ఆ కాగితంలో లేదు. అయినా 2002 నుంచి 6.2 దాటి 10 మెగాహెర్ట్జ్ దాకా ఇచ్చే దారి తెరిచారు. వేలం లేదు, ముందస్తు ధర లేదు. ఏటా కట్టే రుసుములో కాస్త పెంపు, అంతే. కొలబద్ద ఏమిటంటే చందాదారుల సంఖ్య. ఇంతమంది ఉంటే ఇంత, అంతమంది ఉంటే అంత.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. రద్దీ పెరిగినప్పుడు కంపెనీకి రెండు దారులు. టవర్లు ఎక్కువ వేసి, ఉన్న తరంగాలనే దగ్గర దగ్గరగా మళ్లీ మళ్లీ వాడుకోవడం ఒకటి. ఇంకొన్ని తరంగాలు తెచ్చుకోవడం రెండోది. టవర్ వేయాలంటే పెట్టుబడి కావాలి, జాగ కావాలి, కరెంటు కావాలి. తరంగాలకు మాత్రం అర్జీ చాలు. అర్జీ దాదాపు ఉచితమైనప్పుడు టవర్ మీద డబ్బు ఎవడు పెడతాడు? ఉన్న తరంగాలను పొదుపుగా వాడినవాడికి బహుమానం లేదు. సరిపోతలేదు అన్నవాడికే దక్కింది. ట్రాయ్ 2007 ఆగస్టులో ఈ కొలబద్దను బాగా కఠినం చేయాలని సిఫార్సు చేస్తే కంపెనీలు గొల్లుమన్నాయి. కఠినం చేసినందుకు గొల్లుమన్నాయంటే అంతకుముందు అది ఎంత వదులుగా ఉందో అర్థం చేసుకోవచ్చు.

2010లో కాగ్ నివేదిక వచ్చినప్పుడు దేశమంతా 1,76,645 కోట్ల అంకె మీద కొట్టుకున్నది. ఆ మొత్తంలో 122 కొత్త లైసెన్సుల పద్దు ఒకటి. ఒప్పందానికి మించి పాత కంపెనీల దగ్గరున్న అదనపు తరంగాల పద్దు మరొకటి. దాని విలువ 36,993 కోట్లు. ఆ ఏడాది 3జీ వేలంలో పలికిన ధరతో వేసిన లెక్క కాబట్టి దానిమీద వాదనలు ఉండవచ్చు, ఉన్నాయి కూడా. కానీ చర్చ అంతా కొత్తగా వచ్చినవాళ్ల చుట్టూ తిరిగింది. ముందే లోపల కూర్చుని సాలు సాలుగా జరుపుకున్నవాళ్ల పద్దు మీద అంత గోల జరగలేదు. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులూ రద్దు చేసింది. 2017 డిసెంబర్‌లో ప్రత్యేక కోర్టు 2జీ కేసు నిందితులందరినీ నిర్దోషులన్నది. దానిపై సీబీఐ వేసుకున్న అప్పీలును ఢిల్లీ హైకోర్టు 2024లో విచారణకు తీసుకున్నది. నేరం సంగతి కోర్టులు చూసుకుంటాయి. పద్ధతి సంగతి మాత్రం మనం చూసుకోవలసిందే.

ఎందుకంటే ఇప్పుడు కొత్త వరుస మొదలైంది. ఈసారి అడుగుతున్నది ఫోన్ కంపెనీలు కాదు, పరిశ్రమలు. ఓడరేవులో క్రేన్లు, కర్మాగారంలో రోబోలు, గనిలో డంపర్లు మనిషి లేకుండా నడవాలంటే సొంత 5జీ నెట్‌వర్క్ కావాలంటున్నాయి. 2022 జూన్‌లో టెలికాం శాఖ ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఫోన్ కంపెనీతోనే నెట్‌వర్క్ వేయించుకోవచ్చు, దాని తరంగాలను లీజుకు తీసుకోవచ్చు. లేదా రేపు ప్రభుత్వం ఇస్తే నేరుగా సర్కారు నుంచే తీసుకోవచ్చు. నూరు కోట్లకు పైగా నికర ఆస్తి ఉన్నవాళ్లు తమ అవసరం చెప్పుకోవాలని పిలిచారు. నేరుగా ఇవ్వడానికి వీల్లేదని ఫోన్ కంపెనీల సంఘం అడ్డం తిరిగింది. వేలం లేకుండా తరంగాలు ఇస్తే అన్యాయమట! పదేళ్లు వేలం లేకుండానే అదనం తీసుకున్నవాళ్ల నోట ఈ మాట వినడం బాగానే ఉంది.

అవసరం అబద్ధమని మేము అనడం లేదు. సింగరేణి ఓపెన్‌కాస్టులో దుమ్ములో, మలుపుల్లో భారీ డంపర్లు నడిపే కార్మికుడిని అడగండి, ఎదుటి బండి ఎక్కడుందో చెప్పే నెట్‌వర్క్ విలువ చెబుతాడు. భూగర్భ గనిలో దిగినవాడికి పైనుంచి మాట అందడం ప్రాణంతో సమానం. 2023 చట్టం మొదటి షెడ్యూలులో గనులు, ఓడరేవులు, చమురు అన్వేషణ భద్రతకు వేలం లేకుండా తరంగాలు ఇవ్వవచ్చని ఉంది. మంచిదే. కానీ అదే వాక్యం చివర ‘భద్రత, నిర్వహణకు తోడ్పడే ఇతర కార్యకలాపాలు’ అని ఒక తోక ఉంది. నిర్వహణ కానిది ఏ కంపెనీలో ఉంటుంది? కార్మికుడి ప్రాణం కోసం తెరిచిన తలుపులోంచి లాభాల బండి దూరిపోవడానికి ఆ తోక చాలు.

బండి ఎటు పోతుందో ఒకసారి చూశాం కూడా. 2022 వేలంలో అదానీ సంస్థ 26 గిగాహెర్ట్జ్ బ్యాండులో 400 మెగాహెర్ట్జ్ తరంగాలు 212 కోట్లకు కొన్నది. ఫోన్ వ్యాపారానికి కాదు, మా రేవులకు, విమానాశ్రయాలకు, కరెంటు ప్లాంట్లకు అన్నది. మూడేళ్లు తిరగకముందే, 2025 ఏప్రిల్‌లో, ఆ మొత్తం భారతీ ఎయిర్‌టెల్‌కు బదిలీ చేసే ఒప్పందం ప్రకటించారు. చట్టవిరుద్ధం ఏమీ లేదు, అమ్ముకునే వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. మా అభ్యంతరమంతా ఆ నిబంధన మీదనే. పరిశ్రమ పేరుతో భూమి తీసుకుని ప్లాట్లు చేసి అమ్ముకోవడం హైదరాబాద్ చుట్టుపక్కల మనకు కొత్త కాదు కదా! అదానీది వేలంలో డబ్బు పెట్టి కొన్న సరుకు. రేపు వేలం లేకుండా తీసుకున్నదానికి కూడా ఇదే దారి ఉంటే ఏమవుతుంది?

ఆ 400లో 50 మెగాహెర్ట్జ్ ‘ఆంధ్రప్రదేశ్’ సర్కిల్‌లోవి. ఆ సర్కిల్‌లో మనమూ ఉన్నాం. 2014లో రాష్ట్రం వచ్చింది. 2022 వేలంలో గానీ, 2024 వేలంలో గానీ తెలంగాణ పేరుతో సర్కిల్ లేదు. పటాన్‌చెరులోని ఫ్యాక్టరీ తన ప్రహరీ లోపల నాలుగు తరంగాలు కావాలనుకుంటే ఆదిలాబాద్ నుంచి శ్రీకాకుళం దాకా వేలం పాడాలి. చిన్న పరిశ్రమకు అది సాధ్యమా? పెద్దవాళ్లు మాత్రమే పాడగలరు, వాడకపోతే అమ్ముకోగలరు. పైగా ఈ వేలం సొమ్ము పన్ను కాదు, కాబట్టి కేంద్ర పన్నుల్లో లాగా రాష్ట్రాలకు వాటా రాదు. తరంగాలు మన నెత్తి మీదివి, గల్లా పెట్టె ఢిల్లీది.

తరంగాలకు కరువు వచ్చిందా అంటే అదీ కాదు. 2024 జూన్ వేలంలో 10,522 మెగాహెర్ట్జ్ పెడితే అమ్ముడుపోయింది 141 మాత్రమే. మిగిలినవి ఎవరికీ అక్కరకు రాకుండా ఉన్నాయి. జర్మనీ ఇంకో దారి పట్టింది. 2019 నుంచి 3.7-3.8 గిగాహెర్ట్జ్ మధ్య 100 మెగాహెర్ట్జ్ స్థానిక అవసరాలకు పక్కన పెట్టింది. తన స్థలం వరకే అడగాలి. ఎన్ని మెగాహెర్ట్జ్, ఎన్నేళ్లు, ఎంత విస్తీర్ణం అనే లెక్కతో రుసుము. ఏడాదిలో వాడకం మొదలుపెట్టకపోతే హక్కు పోతుంది. చిన్న కార్ఖానా కూడా కట్టగల ధర, పెద్ద కంపెనీ కూడా దాచుకోలేని షరతు.

మన దగ్గర కూడా వాడని తరంగాలను వెనక్కి తీసుకునే అధికారం 2023 చట్టంలో ఉంది. దాన్ని ముందుగా కొత్త పరిశ్రమల మీద కాదు, పాత ఫోన్ కంపెనీల మీద వాడి చూపాలి. అదనం అడిగే ప్రతి అర్జీ, ఎవరిదైనా సరే, నిర్ణయానికి ముందే జనం ముందు పెట్టాలి. ఇప్పటికే ఉన్న తరంగాలతో ఏ టవర్ మీద ఎంత రద్దీ నడుస్తున్నదో అర్జీదారు చూపించాలి, ఆ అంకెలను కంపెనీ మాట మీద కాకుండా టెలికాం శాఖ క్షేత్రస్థాయి అధికారులు కొలిచి ధృవీకరించాలి. ఇచ్చింది ప్రహరీ దాటకూడదు. వద్దనుకుంటే పక్కవాడికి అమ్మడం కాదు, సర్కారుకు అప్పజెప్పాలి. గనిలో ప్రమాద హెచ్చరికకు తీసుకున్నదాని మీద కాలనీ వాళ్లకు ఇంటర్నెట్ అమ్మితే ఆ మరునాడే రద్దు కావాలి.

మొదటి షెడ్యూలును మార్చడానికి పార్లమెంటులో కొత్త బిల్లు అక్కర్లేదు, ఒక నోటిఫికేషన్ చాలు. పరిశ్రమల పద్దు కలపాలన్నా, ఆ తోక కత్తిరించాలన్నా దారి అదే. ఢిల్లీలో ఉన్న మన ఎంపీలు ఆ నోటిఫికేషన్ ముసాయిదా ఎప్పుడు వస్తుందో, ఎవరెవరి అర్జీలు ఇప్పటికే బల్లల మీద ఉన్నాయో ఈ సమావేశాల్లోనే అడగాలి. తెలంగాణకు వేరు సర్కిల్ ఎప్పుడన్నది కూడా ఆ ప్రశ్నలోనే కలపవచ్చు.