గెలిచి వచ్చినవారికి నేర్పే కొలువు ఇవ్వండి

తెలంగాణ స్పోర్ట్స్ అథారిటీ చైర్మన్ గారికి,



65వ జాతీయ రహదారి మీద జహీరాబాద్ దాటి కర్ణాటక వైపు వస్తే రాష్ట్రం చివరన మా చిరాగ్‌పల్లి. ఈ చుట్టుపక్కల పిల్లలకు ఆటలు నేర్పడం నా పని. ట్రాక్ సైక్లింగ్ గురించి, అందులో వయసు మీద పడిన స్ప్రింటర్‌కు మనం ఇవ్వాల్సిన చోటు గురించి మీకు రాస్తున్నాను.

ట్రాక్ సైకిల్‌కు బ్రేకులుండవు. గేరు ఒక్కటే. చక్రం తిరిగినంతసేపూ కాళ్లు తిరగాల్సిందే. స్ప్రింట్‌లో తలపడేది ఇద్దరే. తొలి చుట్టులో నడిచినంత నెమ్మదిగా పోతారు, ఒక్కోసారి ఏటవాలు ట్రాక్ మీద సైకిల్‌ను కదలకుండా నిలబెట్టేస్తారు. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోవాలి, వెనకవాడు ఆ చాటున శక్తి దాచుకుంటాడు. అందుకే ముందు ఉండటానికి ఇద్దరూ ఇష్టపడరు. ఎదుటివాడి భుజం కాస్త వాలగానే పసిగట్టి దూకాలి. ఆ తర్వాత ఆఖరి 200 మీటర్లు ప్రపంచ స్థాయిలో పది సెకన్ల దరిదాపుల్లోనే ముగుస్తాయి. కాళ్లకు బలం జిమ్‌లో వస్తుంది. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు దూకాలో మాత్రం ఆ ట్రాక్ మీద ఓడీ గెలిచీ వచ్చినవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

ఫ్రాన్స్‌కు చెందిన డేనియల్ మొరెలాన్ జీవితం చూడండి. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం. 1968 మెక్సికోలో స్ప్రింట్ స్వర్ణం, పియర్ ట్రెంటిన్‌తో కలిసి, ఇద్దరూ ఒకే సైకిల్ తొక్కే టాండెమ్‌లో మరో స్వర్ణం. 1972 మ్యూనిక్‌లో మళ్లీ స్ప్రింట్ స్వర్ణం. 1976 మాంట్రియల్ ఫైనల్లో చెకొస్లోవేకియాకు చెందిన ఆంటన్ ట్కాచ్ చేతిలో ఓడి రజతం. వీటికి తోడు ఏడు అమెచ్యూర్ స్ప్రింట్ ప్రపంచ టైటిళ్లు. అంతటితో ఆగి ఉంటే ఆయన మంచి జ్ఞాపకంగా మిగిలేవాడు. కానీ ఫ్రాన్స్ ఆయన్ను కోచ్‌ను చేసింది. ఆయన శిక్షణలో ఎదిగిన ఫెలీసియా బలాంజే 1996 అట్లాంటాలో స్ప్రింట్ స్వర్ణం, 2000 సిడ్నీలో స్ప్రింట్‌తో పాటు 500 మీటర్ల టైమ్ ట్రయల్ స్వర్ణం గెలిచింది. తర్వాత చైనా ఆయన్ను పిలుచుకుంది. 2012 లండన్‌లో ఆయన శిష్యురాలు గువో షువాంగ్ కీరిన్ అనే ట్రాక్ పందెంలో రజతం, స్ప్రింట్‌లో కాంస్యం, గాంగ్ జిన్‌జీతో కలిసి టీమ్ స్ప్రింట్‌లో రజతం సాధించింది. ఆ టీమ్ స్ప్రింట్ ఫైనల్లో గీత ముందుగా దాటింది చైనా జోడీనే. రిలే మార్పిడిలో తప్పు జరిగిందని న్యాయనిర్ణేతలు తేల్చడంతో స్వర్ణం జర్మనీకి వెళ్లింది. స్ప్రింటర్‌గా మొదలైన ఒక మనిషి అనుభవం దాదాపు యాభై ఏళ్ల పాటు, రెండు దేశాలకు పనికొచ్చింది.

మనకూ అలాంటి అనుభవం ఉంది. రైల్వేస్ జెర్సీలో జాతీయ ఛాంపియన్‌గా నిలిచి, తర్వాత కోచింగ్‌లోకి వచ్చిన మాక్స్‌వెల్ ట్రెవర్ హైదరాబాద్ మనిషే. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా యూనివర్సిటీలో కట్టిన వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేల ట్రాక్, ఉంది. ఇంత పెద్ద దేశంలో వెలోడ్రోమ్ ఉన్న ఊళ్లు కొన్నే, వాటిలో మన రాజధాని ఒకటి. ట్రాక్ కట్టడం కన్నా కష్టమైన పని, ఆ ట్రాక్ పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని ఇరవై ఏళ్లు నిలబడే మనిషిని నిలుపుకోవడం. ఏడాదికోసారి రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు మీద అలాంటి మనిషి నిలవడు. పదమూడేళ్ల పిల్ల స్ప్రింటర్‌గా తయారవ్వాలంటే పదేళ్లు పడుతుంది. కోచ్ ఉద్యోగానికీ అంత భరోసా ఉండాలి.

మా ఊరికీ దీనికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. 2019లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ ది ఓడర్‌లో భారత జూనియర్ జట్టు టీమ్ స్ప్రింట్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. అందులో ఈసో అల్బెన్ అండమాన్ నికోబార్ కుర్రాడు, రొనాల్డో సింగ్ మణిపూర్ కుర్రాడు. 2022లో ఢిల్లీలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ఇదే రొనాల్డో స్ప్రింట్ రజతం గెలిచాడు. సీనియర్ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో అంతవరకూ ఏ భారతీయ సైక్లిస్టూ అంత దూరం రాలేదు. ఇద్దరూ దేశం అంచుల నుంచి వచ్చినవారే. మేమూ రాష్ట్రం అంచునే ఉన్నాం. చెరకు లారీల పక్కన, ఎదురుగాలిలో, పుస్తకాల సంచితో సైకిల్ తొక్కే పిల్లలు మా దగ్గర చాలామంది. వాళ్లలో ఎవరి కాళ్లలో ఆ వేగం ఉందో చూసే కన్ను మాత్రం మాకు లేదు.

హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ప్రవేశాలకు పిల్లల్ని పరీక్షిస్తారు కదా. ఫ్లయింగ్ స్టార్ట్‌తో 30 మీటర్ల పరుగు, నిలబడి దూరం దూకడం అందులో ఉంటాయి. ట్రాక్ స్ప్రింటర్‌కు కావాల్సిన పేలుడు శక్తి సరిగ్గా వాటిలోనే బయటపడుతుంది. ఆ పరీక్షలు జరిగే చోట ఒక మాజీ స్ప్రింటర్‌ను కూర్చోబెట్టండి. జాతీయ పతకాలు గెలిచిన సైక్లిస్టులకు కోచింగ్ డిప్లొమా చేయించి, రెగ్యులర్ పోస్టుల్లో తీసుకోండి. ఉస్మానియా ట్రాక్ మీద ఏటా వేసవిలో జిల్లాల పిల్లలకు క్యాంపు పెట్టండి. ట్రాక్ సైకిల్, హెల్మెట్ అక్కడే ఇవ్వండి. కూలికి పోయే తల్లిదండ్రులు వాటిని కొనలేరు.

వచ్చే వేసవికి ఒక కోచ్‌ను జహీరాబాద్‌కు పంపితే చాలు. మొగుడంపల్లి, కోహీర్, ఝరాసంగం పిల్లల్ని కూడా ఒకచోట చేర్చి, పరీక్షలకు సిద్ధం చేసే పూచీ నాది.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
చిరాగ్‌పల్లి, సంగారెడ్డి జిల్లా