న్యూరోసర్జరీ వాకిట నాలుగు వారాలు

అమెరికాలో వైద్యవిద్య చివరి సంవత్సరంలో అడుగిడిన విద్యార్థి న్యూరోసర్జరీని ఎంచుకోదలచినట్లయితే, ముందుగా సబ్ ఇంటర్న్‌షిప్ అనే ఘట్టాన్ని దాటవలసి ఉంటుంది. తన కళాశాల ఆసుపత్రిలో సుమారు నాలుగు వారాలు, ఆ తరువాత పరాయి ఊళ్లలోని ఒకటి రెండు ఆసుపత్రులలో ఒక్కోచోట అంతే కాలం గడపాలి. పేరుకు విద్యార్థే, చేయవలసినది మాత్రం ఇంటర్న్ పని. ఆ వేసవి నెలలలో “పిల్లవాడు ఫోనైనా ఎత్తడం లేదు” అని ఇక్కడి తల్లులు బాధపడటం మేము విన్నాము. హైదరాబాదులో రాత్రి ఎనిమిది గంటలంటే అప్పుడు హ్యూస్టన్‌లో ఉదయం తొమ్మిదిన్నర. ఆ వేళకు అతడు ఆపరేషన్ థియేటర్లో నిలబడి ఉంటాడు.

రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. రెసిడెంట్లు రౌండ్లకు వచ్చేలోగా రోగుల రాత్రి వివరాలు సేకరించాలి. స్పృహను గ్లాస్గో కోమా స్కేలుతో కొలుస్తారు. 1974లో వెలువడిన ఈ కొలమానంలో కనిష్ఠం 3, గరిష్ఠం 15. మెదడులోని ద్రవాన్ని వెలుపలికి తీసే గొట్టం ఎత్తును రోగి చెవి మట్టంతో సరిచూస్తారు. గొట్టాన్ని పట్టించుకోక మంచాన్ని పైకెత్తితే ద్రవం అవసరానికి మించి దిగిపోవచ్చు. కనుక నర్సును అడగనిదే మంచాన్ని కదపరాదు. ఇటువంటివి పుస్తకాలకన్న నర్సులే బాగా నేర్పుతారు.

అన్నిటికన్న మేము నొక్కి చెప్పదలచినది కంటిపాపల సంగతి. ఒక కంటిపాప పెద్దదై వెలుగుకు కుంచించుకోకపోతే, తలలో ఒత్తిడి ప్రాణాంతకంగా పెరుగుతోందనడానికి అది సూచన కావచ్చు. అప్పుడు లెక్క నిమిషాలలోనే. తొందరలో ఒక రోగి కళ్లలో టార్చి వేయడం మరచిన విద్యార్థికి, రౌండ్లలో అడిగినప్పుడు “రెండూ సమానంగానే ఉన్నాయి” అనేయాలన్న ప్రలోభం కలుగుతుంది. “చూడలేదు, ఇప్పుడే చూసి వస్తాను” అన్నవానికి చీవాట్లు పడవచ్చు, పడనివ్వండి. చూడనిది చూసినట్లు చెబితే మూల్యం చెల్లించేది మంచంమీది మనిషి.

థియేటర్లో విద్యార్థి వంతు చిన్నదే. రోగిని బల్లపై సర్దడంలో సాయం, చివర చర్మానికి కుట్లు. అయినా మరునాటి కేసు స్కాన్లు ముందురాత్రే చూసుకోవాలి.

2022 జనవరి నుండి యు.ఎస్.ఎం.ఎల్.ఇ. మొదటి అంచె పరీక్షకు మార్కులు ప్రకటించడం మాని ఉత్తీర్ణత మాత్రమే తెలుపుతున్నారు. దానితో సర్జన్లు వ్రాసే సిఫారసు లేఖలకు బరువు పెరిగింది. ఎదుటివారు చూసేది తెలివినే కాదు, ఈ మనిషితో ఏడేళ్ల రెసిడెన్సీ గడపగలమా అన్నది కూడా. రెసిడెంట్లకు వారానికి సగటున 80 గంటల పరిమితి 2003 నుండి ఉన్నా, ప్రత్యేక అనుమతితో అది 88 దాకా పోవచ్చు. ఈ జీవితం తనకు తగదని నెల రోజులలోనే గ్రహించి వేరొక శాఖకు మరలిన కుమార్తెను ఓడిపోయినదానిగా చూడటం అన్యాయం. బంధువుల ముందు చెప్పుకున్న గొప్పకోసం ఆమెను ఏడేళ్లు కట్టివేయడం ఎవరికి మేలు?

ఇక్కడ ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసినవారికి సాధారణంగా ఈ అవకాశం లభించదు. వారికి ఎక్కువగా దొరికేది అబ్జర్వర్‌షిప్. అందులో రోగిని తాకే అనుమతి ఉండదు. రెండూ ఒకటేనని చెప్పి ఏజెంటు ఎవరైనా రుసుము అడిగితే, డబ్బు కట్టకముందే ఆసుపత్రివారికి నేరుగా వ్రాసి, రోగిని పరీక్షించనిస్తారా లేదా అని అడగండి.