మౌనం... అర్ధాంగీకారం కాదు!

ఊరి రచ్చబండ దగ్గర మాట్లాడేది నలుగురు. చుట్టూ నిలబడి వినేది నలభై మంది. నెట్లో ఉన్న రచ్చబండ దగ్గరా అదే వరస. మరి నోరు విప్పని ఆ నలభై మంది మాట లెక్కలోకి వచ్చేదెలా? ప్రెసిడెంటూ పోలీసూ లేకుండానే నడుస్తున్న తెలుగు వికీపీడియా రెండు దశాబ్దాలుగా ఆ లెక్కతోనే కుస్తీ పడుతోంది.

నందిగామ అంటే ఏ నందిగామ? మెట్ట కృష్ణా వాళ్లని అడిగితే నవ్విపోతారు. హైదరాబాద్ - విజయవాడ రహదారి మీద, మునేరుకి దగ్గర్లో ఉన్న ఊరు తప్ప ఇంకేముంటుంది అంటారు. కానీ రంగారెడ్డి జిల్లాలో ఏకంగా ఓ నందిగామ మండలమే ఉంది. అదే పేరుతో పల్లెలు ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. మరి ఓ విజ్ఞాన సర్వస్వంలో 'నందిగామ' అని కొట్టగానే ముందుగా ఏ ఊరు రావాలి? ప్రభుత్వమైతే జీవో ఇచ్చి ఊరుకుంటుంది. కంపెనీ అయితే ఎండీగారి మాటే వేదం. వికీపీడియాలో ఆ రెండూ లేవు. రాసేవాళ్లే కూర్చుని తేల్చుకోవాలి. ఒకే పేరున్న వాటిని విడమరిచి చెప్పే పేజీకి వాళ్లు పెట్టుకున్న పేరు 'అయోమయ నివృత్తి'. కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లకూ అలాంటి పేజీ ఒకటి ఉంటే ఎంత బాగుండునో!

తెలుగు వికీపీడియాకి 2003 డిసెంబరులో పునాది పడింది. వెన్న నాగార్జున అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు చొరవ తీసుకున్నారు. అప్పట్లో ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. ఆ అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే ఉపకరణాన్ని తయారుచేసిందీ ఆయనే. మొదట్లో నాలుగు వ్యాసాలు రాసే దిక్కు లేని ఆ సైటులో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. జీతాలు లేవు, ఆఫీసు లేదు. ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసినదాన్నయినా ఎవరైనా దిద్దొచ్చు. మరి కొట్టుకుచావరా?

కొట్టుకుంటారు. అందుకే అందరూ కలిసి మాట్లాడుకోవడానికి ఓ పేజీ పెట్టుకున్నారు. దాని పేరు రచ్చబండే.

అడ్మిన్ అంటే రాజు కాదు

జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో లేని మనిషి అరుదు. టెన్త్ బ్యాచ్‌కి ఒకటి, అపార్టుమెంటుకి ఒకటి, మిర్చి రేట్లకి ఒకటి. అక్కడ అడ్మిన్‌దే రాజ్యం. నచ్చకపోతే తీసేస్తాడు. అడ్మిన్లు తప్ప ఎవరూ మాట్లాడకుండా తాళం వేసేయగలడు. ఎందుకని అడిగే వీలే ఉండదు, ఎందుకంటే అడగాల్సిన మనిషి అప్పటికే బయట ఉంటాడు!

వికీపీడియాలోనూ అలాంటివాళ్లున్నారు. వాళ్లని నిర్వాహకులంటారు. పేజీని తొలగించగలరు, తాళం వెయ్యగలరు, అల్లరి చేసేవాళ్లని అడ్డుకోగలరు. కాకపోతే ఆ హోదా కోసం అందరి ముందూ నిలబడాలి. ఫలానా వారు కావాలనుకుంటున్నారు, మీరేమంటారు అని పేజీ పెడతారు. అనుకూలమో, వ్యతిరేకమో, తటస్థమో సభ్యులు కారణంతో సహా రాస్తారు. హోదా వచ్చాక కూడా వ్యాసంలో ఏముండాలన్న విషయంలో ఆయన మాటకి ఉన్న విలువ నిన్న చేరిన కుర్రాడి మాటకి ఉన్నంతే. చీపురు ఆయన చేతిలో ఉంది, ఇల్లు మాత్రం అందరిదీ. పైగా ఆయన ఎవరిని అడ్డుకున్నా, ఏ పేజీ తొలగించినా ఆ సంగతి చిట్టాలో నమోదవుతుంది. ఎవరైనా తెరిచి చూడొచ్చు. అసలు కిటుకు ఇదే.

నూటికి తొంభై మంది

నెట్లో గుంపులు ఎలా ఉంటాయో యాకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2006లో ఓ లెక్క చెప్పాడు. నూటికి తొంభై మంది చూసి వెళ్లిపోతారు. తొమ్మిది మంది అప్పుడప్పుడూ ఓ మాట అంటారు. మిగిలిన ఒక్కడే దాదాపు అంతా రాస్తాడు. తెలుగు వికీ అంతకన్నా ఘోరం. ఖాతా తెరిచినవాళ్లు లక్షమందికి పైనే. ఓ నెలలో ఒక్క అక్షరమైనా దిద్దేవాళ్లు మాత్రం కొన్ని వందలకు మించరు.

మనవాళ్లు మౌనం అర్ధాంగీకారం అన్నారు. ఇంగ్లిషు వికీలోనూ ఇంచుమించు ఇదే మాట చెబుతారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదంటే ఒప్పుకున్నట్టేనని. కాకపోతే దానికో తోక తగిలించారు... ఎవరో ఒకరు కాదనేవరకే! తేడా అంతా ఆ తోకలోనే ఉంది.

ఊళ్లో పంచాయితీ జరుగుతుంది. గొంతున్నవాడు గెలుస్తాడు. బిడియపడే మనిషి ఇంటికెళ్లి, అన్నం తిని, పడుకున్నాక అప్పుడు తడుతుంది అసలు జవాబు. ఏం లాభం? తీర్పు అయిపోయింది. వికీ రచ్చబండ అలా కాదు. చర్చ రోజులూ వారాలూ తెరిచే ఉంటుంది. అర్ధరాత్రి రెండింటికి తట్టినా రాయొచ్చు. ఎదుటివాడు కళ్లెర్రజేసినా కనబడదు. ఏడాది తర్వాత వచ్చి 'ఇది తప్పు' అన్నా మళ్లీ తిరగదోడొచ్చు. ప్రతి పేజీకీ 'చరిత్ర' ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అందులో చెరిగిపోకుండా ఉంటుంది. వాదించడం ఇష్టంలేని మనిషి నేరుగా వెళ్లి తప్పుని దిద్ది రావచ్చు. అదే ఆయన మాట్లాడటం. నచ్చనివాళ్లు వెనక్కి తిప్పుతారు. అప్పుడే చర్చ మొదలు.

2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా విడిపోయింది. జగ్గయ్యపేట, నందిగామ కొత్తగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. ఆ చుట్టుపక్కల ప్రతి పల్లె పేజీలోనూ జిల్లా పేరు మారాలి. పని చిన్నదే. కానీ పల్లెలు వందల్లో! ఇలాంటివి మార్చుకుంటూ వెళ్లేవాళ్లు రచ్చబండ దగ్గర అంతగా కనిపించరు. వాళ్ల పేర్లు చూడాలంటే పేజీ చరిత్రలోనే చూడాలి.

తొలి అడుగులోనే దెబ్బ

ఇదంతా విని వికీ అంటే రామరాజ్యం అనుకుంటే పొరపాటే. జగ్గయ్యపేటలో ఓ టీచరుగారు ఉన్నారనుకుందాం. రాత్రి కూర్చుని తమ ఊరి పేజీలో నాలుగు వాక్యాలు చేర్చారు. తెల్లారి చూసేసరికి లేవు. ఎందుకు తీశారో ఒక ముక్క రాసి ఉంటుంది... 'మూలం లేదు' అని. మూలమేంటో, ఎక్కడ అడగాలో ఆవిడకి తెలీదు. ఇంక జన్మలో అటు వెళ్లరు. ఫిర్యాదు కూడా చెయ్యరు. ఇలా వెళ్లిపోయినవాళ్లు ఏ చిట్టాలోనూ కనిపించరు.

ఇది ఊహ కాదు. ఇంగ్లిషు వికీలో రాసేవాళ్లు 2007 తర్వాత తగ్గుతూ వచ్చారు. ఎందుకని పరిశోధకులు తవ్వితే 2013లో తేలిందేంటంటే... అల్లరిమూకను ఆపడానికి తెచ్చిన యంత్రాలూ నియమాలే మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవాళ్లనూ తరిమేస్తున్నాయని! అక్కడివాళ్లు 2012లోనే కొత్తవాళ్ల కోసం 'టీహౌస్' అని ఓ పేజీ తెరిచారు. ఎంత అమాయకమైన ప్రశ్నయినా అడగొచ్చు, విసుక్కోకుండా చెబుతారు. మన దగ్గర కొత్త ఖాతా తెరవగానే చర్చ పేజీలో స్వాగత సందేశం పడుతుంది. తప్పులు చేసి నేర్చుకోవడానికి 'ప్రయోగశాల' ఉంది. స్వాగతం చెప్పినంత శ్రద్ధగా రెండోరోజు పలకరించేవాళ్లు ఎందరు అన్నదే ప్రశ్న.

ఆడవాళ్ల సంగతి మరీనూ. వికీమీడియా ఫౌండేషన్ 2011లో జరిపిన సర్వే ప్రకారం ప్రపంచవ్యాప్తంగా రాసేవాళ్లలో మహిళలు పదిమందికి ఒక్కరు కూడా లేరు.

ఈ విషయంలో మెట్ట రైతు ముందున్నాడేమో! సాగర్ ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం దాటి ఇక్కడికి చేరుతుంది. చివరి భూములకి నీళ్లందడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకి తెలుసు. 1997లో వచ్చిన నీటి సంఘాల చట్టం ఆయకట్టుని భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగం నుంచీ ఒక్కో సభ్యుణ్ని ఎన్నుకోవాలంది. అంటే, తూము దగ్గరున్నవాళ్లే కమిటీ అంతా నిండిపోకుండా చివరి రైతుకీ ఓ కుర్చీ వేసి ఉంచింది. ఆ కుర్చీలో కూర్చున్నాయన మాట ఎంతవరకు చెల్లిందన్నది వేరే కథ. వికీలో ఆ మాత్రం కుర్చీ కూడా లేదు.

తాతయ్యకి తెలుసు... పుస్తకంలో లేదు

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న మరొకటుంది. జగ్గయ్యపేట పాతపేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తండ్రి జగ్గయ్య పేరు పెట్టారు. ఇది పుస్తకాల్లో ఉంది, వికీలో రాయొచ్చు. ధనంబోడు మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. ఇదీ అచ్చులో ఉంది. కానీ అదే ఊళ్లో ఫలానా చెరువుని ఎవరు తవ్వించారో, ఫలానా వీధికి ఆ పేరెందుకొచ్చిందో ఓ తాతయ్యకి మాత్రమే తెలిసి ఉంటే? వికీ నియమం ప్రకారం అది చెల్లదు. అచ్చయిన ఆధారం కావాలి. ఆ నియమం లేకపోతే ఎవరికి తోచిన కథ వాళ్లు రాసేస్తారు. ఉంటే, ఎప్పుడూ పుస్తకానికెక్కని మనుషులు ఇక్కడా బయటే నిలబడతారు. ఈ ముడి విప్పడానికి 2011లో అచల్ ప్రభల మరికొందరితో కలిసి ఓ ప్రయత్నం చేశారు. మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల్లో పెద్దవాళ్ల మాటల్ని రికార్డు చేసి, ఆ రికార్డునే ఆధారంగా చూపించారు. కొందరు బాగుందన్నారు, చాలామంది ఒప్పుకోలేదు. నియమం మాత్రం మారలేదు.

అందాకా దగ్గరి దారులు రెండున్నాయి. తాతయ్య చెప్పింది ముందు ఎక్కడో ఒకచోట అచ్చవ్వాలి. స్కూలు పత్రికల కన్నా పేరున్న పత్రికలూ, స్థానిక చరిత్ర పుస్తకాలైతే మేలు. రెండోది ఫొటో. స్తూపం, పాత బావి, శాసనం ఉన్న రాయి... సొంతంగా ఫోన్లో తీసినదైతే చాలు, వికీమీడియా కామన్స్‌లో ఎక్కించొచ్చు. అక్కడ ఎవరితోనూ వాదించక్కర్లేదు. తెలుగు టైపింగ్ రాకపోయినా ఫరవాలేదు. ఏ ఊళ్లో తీశారో ఒక్క ముక్క రాస్తే దాన్ని వ్యాసంలో ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లు పెట్టుకుంటారు.